విసనకర్రల సూరాలు మామ్మ

అనగా అనగా, గోదారి ఇప్పటికంటే వెడల్పుగా పారే రోజుల్లో, ఆ గోదారి నడిమధ్యన ఒక లంక ఉండేది. దాని పేరు పందిరిలంక. చుట్టూ నీళ్ళు. నీళ్ళ మధ్య ఇసక. ఇసకలో తాటిచెట్లు. తాటిచెట్ల కింద డెబ్భై ఇళ్ళు. లంకలో ఎక్కడికెళ్ళాలన్నా కాలినడకే. లంక దాటాలంటే మాత్రం పడవ ఎక్కాలి.

ఆ లంకలో సూరాలు అని ఒకావిడ ఉండేది. రాణీ కాదు, దొరసానీ కాదు, పేరున్న ఇంటి కోడలూ కాదు. తాటాకు విసనకర్రలు చేసుకుని బతికే మనిషి. లేత ఆకు కోయించి, నీడన ఆరబెట్టి, గుండ్రంగా కత్తిరించి, అంచు చుట్టూ ఈనెతో కుట్టేది. మట్టకున్న రంపం పళ్ళు చెక్కేసి కాడ చేసేది. మొగుడు తాటిచెట్టు మీంచి పడి చనిపోయాడు. ఒక్కగానొక్క కూతురు. ఆ పిల్లని అవతలి ఒడ్డున, రెండు రోజుల నడక దూరంలో ఒక ఇంటికి ఇచ్చింది.

ఒకనాడు పడవలో ఆవిడ పేర ఒక తాటాకు వచ్చింది. చుట్టచుట్టి, దారం కట్టి ఉంది. కూతురి అత్తవారు పంపారు. సూరాలుకి చదువు రాదు. ఆ లంకలో చదువొచ్చినవాళ్ళు ముగ్గురే ముగ్గురు.

పెద్దకాపు ఇంటికి వెళ్ళింది. “రేపు రా” అన్నాడు పెద్దకాపు.

కరణంగారి ఇంటికి వెళ్ళింది. “రేపు రా” అన్నాడు కరణం.

వీధిబడి పంతులుగారి ఇంటికి వెళ్ళింది. పంతులుగారు అవతలి ఒడ్డున పెళ్ళికి వెళ్ళారు, వారం దాకా రారన్నారు.

రేపు అంటే రేపు వెళ్ళింది. మళ్ళీ రేపన్నారు. అలా ఏడు రోజులు ఆ ఆకుని కొంగున ముడేసుకుని తిరిగింది. ఎనిమిదో రోజున పంతులుగారు పడవ దిగారు. రేవులోనే, తడిసిన కాళ్ళతోనే నిలబడి చదివారు.

“మీ అమ్మాయికి నెలలు నిండాయి. ఒంట్లో బాగాలేదు. నిన్నే కలవరిస్తోంది. ఆకు అందిన వెంటనే బయల్దేరి రావాలి.”

సూరాలు అదే పడవ ఎక్కింది. రెండు రోజుల దారి ఒక్క రోజులో నడిచింది. వెళ్ళేసరికి కూతురు లేదు. చనిపోయి మూడు రోజులైందన్నారు. ఉయ్యాల్లో ఒక ఆడపిల్ల, పిడికిళ్ళు బిగించుకుని నిద్రపోతోంది.

ఆ పిల్లని ఒళ్ళో పెట్టుకుని తిరిగి పడవెక్కింది సూరాలు. పడవలో ఆవిడ ఏడవలేదట. ఆ ఆకు విప్పి, దానివంకే చూస్తూ కూచుందట. నల్లగా, గుండ్రంగా, చీమల బారులా అక్షరాలు. “నా కూతురు నన్ను పిలిచిన పిలుపు ఇందులో ఉంది. ఏడు రోజులు నా కొంగునే ఉంది. నాకు వినపడలేదు” అనుకుందట.

అప్పటికి ఆవిడకి నలభై ఏళ్ళు దాటాయి.

ఎండలు ముదిరాయి. పంతులుగారు విసనకర్ర కావాలని కబురు పెట్టారు. సూరాలు తీసుకెళ్ళి ఇచ్చింది.

“గింజలు లోపల అమ్మగారి దగ్గర తీసుకో” అన్నారు పంతులుగారు.

“గింజలొద్దండి. ఒక అచ్చరం చెప్పండి బాబూ.”

“అచ్చరం కాదే, అక్షరం.”

“అదేనండి.”

పంతులుగారు నవ్వారు. “ఈ వయసులో దేనికే నీకు?”

“చెప్పండి బాబూ.”

సరే పొమ్మని ఇసకలో ‘అ’ రాసి చూపించారు. సూరాలు దాన్ని మూడుసార్లు వేలితో దిద్దుకుని వెళ్ళిపోయింది.

పంతులుగారు మంచివారే. కానీ కోపం ఎక్కువ. పిల్లాడు పద్యం తప్పితే ఒక దెబ్బ, లెక్క తప్పితే ఒక దెబ్బ, పక్కవాడు తింటున్న దెబ్బ చూసి నవ్వితే ఒక దెబ్బ. చేతిలో ఎప్పుడూ విసనకర్రే ఉంటుంది కాబట్టి దాని కాడతోనే కొట్టేవారు. కాడ విరిగేది. మళ్ళీ సూరాలుకి కబురు వెళ్ళేది. ఒక విసనకర్ర ఇస్తే ఒక అక్షరం. హల్లులు మొదలయ్యాక పంతులుగారు గుణింతం కొసరుగా వేసేవారు. ఒత్తులు కూడా వేసేవారు.

ఇంటికొచ్చి ఆ అక్షరాన్ని ఇసకలో రాసేది. పొయ్యి వెనక మసిగోడ మీద రాసేది. మనవరాలిని నిద్రపుచ్చుతూ దాని వీపు మీద చూపుడువేలితో రాసేది. ఆ పిల్లకి బుల్లెమ్మ అని పేరు పెట్టింది. మాటలు రాకముందే బుల్లెమ్మ వీపు మీద అక్షరమాల సగం పూర్తయిందని చెప్పుకుంటారు.

ఒక విసనకర్ర, ఒక అక్షరం. ఒక విసనకర్ర, ఒక అక్షరం. అలా మూడు ఎండాకాలాలు గడిచాయి. యాభై మూడో విసనకర్ర ఇచ్చి, ‘హ’ నేర్చుకుని బయటికి వస్తుంటే బడి చూరు కింద ఒక పిల్లాడు నిలబడి ఏడుస్తున్నాడు.

“ఏమయింది నాయనా?”

“హ రాయడం రాలేదు మామ్మా.”

“రాకపోతే?”

పిల్లాడు వెనక్కి తిరిగి వీపు చూపించాడు. చెయ్యంత పొడుగున వాత తేలి ఉంది. “నిన్నటి విసనకర్ర నా మీదే విరిగింది” అన్నాడు.

సూరాలు అక్కడే ఇసకలో కూచుండిపోయింది. విసనకర్రలు విరుగుతున్నాయని ఆవిడకి తెలుసు. ఎలా విరుగుతున్నాయో అడగలేదు. యాభై మూడు అక్షరాలు తన ఇంటికొచ్చాయి. యాభై రెండు కాడలు పిల్లల వీపుల మీద విరిగాయి. లేచి మళ్ళీ లోపలికి వెళ్ళింది.

“ఇందాకటి విసనకర్ర ఒకసారి ఇప్పించండి బాబూ. కాడ సరిగ్గా చెక్కలేదు. మీ చెయ్యి కోసుకుంటుంది.”

తీసుకెళ్ళి, పాత చీర చింపి, కాడకి మూడు మడతలు మెత్తగా చుట్టి, దారంతో కుట్టి తెచ్చిచ్చింది. పంతులుగారు దాన్ని తిప్పి తిప్పి చూశారు. ఆయన తెలివితక్కువ వారేం కాదు.

“ఈ కాడ ఇంక విరగదు సూరాలూ.”

“విరగదండి.”

“నీకింకా మూడు అక్షరాలున్నాయి.”

“ఉండనివ్వండి బాబూ” అని దణ్ణం పెట్టి వచ్చేసింది.

పంతులుగారు కొట్టడం మానలేదు. కానీ పిల్లలకి దెబ్బ తగలడం మానేసింది.

బుల్లెమ్మకి అయిదేళ్ళొచ్చాయి. మధ్యాహ్నం పూట అమ్మమ్మ విసనకర్రలు కుడుతుంటే పక్కన కూచుని కథ చెప్పమనేది. ఒక కథ చెబితే ఇంకోటి అనేది. సూరాలుకి వచ్చిన కథలన్నీ అయిపోయాయి. అప్పుడు తనే కల్పించడం మొదలుపెట్టింది. కల్పించింది మర్నాటికి మర్చిపోయేది. మనవరాలు మాత్రం, “నిన్న ఎలుగుబంటి అత్తగారికి ఒక కన్నే ఉందన్నావు కదా, ఇవాళ రెండెలా వచ్చాయి?” అని నిలదీసేది.

మరిచిపోకుండా ఉండాలని, తుమ్మముల్లు తీసుకుని, చేతిలో ఉన్న విసనకర్ర మీదే కథ గీకింది. ఆముదంలో మసి కలిపి రుద్దితే అక్షరాలు నల్లగా తేలాయి. అయితే విసనకర్ర మీద అన్నీ మడతలే కదా. ఒక్క వాక్యం పడితే గొప్ప. అందుకని మొదటి వాక్యం ఒక విసనకర్ర మీద, రెండోది ఇంకోదాని మీద రాసింది. కథ అయ్యేసరికి పన్నెండు విసనకర్రలయ్యాయి. అమ్ముకుంటే తప్ప పొయ్యి వెలగదు. పన్నెండూ పన్నెండు ఇళ్ళకి వెళ్ళిపోయాయి.

రెండు రోజులు గడవలేదు, ఎగువ వీధి నుంచి మాణిక్యం అనే పడుచు విసనకర్ర పట్టుకుని వచ్చింది. కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల.

“మామ్మా, దీని మీద ఏదో గీకి ఉంది. పురుగేమో అనుకున్నాను.”

“పురుగు కాదమ్మా, కథ. ‘అప్పుడు ఎలుగుబంటి తలుపు కొట్టింది’ అని రాశాను.”

“ఎవరి తలుపు?”

“అది నీ ముందు విసనకర్రలో ఉంది.”

“తలుపు తీశారా?”

“అది తర్వాతి దాన్లో ఉంది. దిగువ వీధిలో పడవ అంకయ్య పెళ్ళాం పోలమ్మ తీసుకుంది.”

మాణిక్యం నేరుగా పోలమ్మ ఇంటికి వెళ్ళింది. ఇద్దరూ కలిసి మూడో ఇంటికి వెళ్ళారు. మర్నాడు మధ్యాహ్నం పన్నెండు మంది ఆడవాళ్ళు పన్నెండు విసనకర్రలు పట్టుకుని సూరాలు పాక ముందు పందిట్లో కూచున్నారు. చదవమన్నారు.

“నేను చదవను. మూడు అక్షరాలు చెబుతాను. రోజూ రండి. మీరే చదువుకుందురుగాని” అంది సూరాలు.

నీళ్ళకి వెళ్ళాలని ముగ్గురు లేచిపోయారు. తలుపు ఎవరు తీశారో తెలుసుకోకుండా ఉండలేక ఆ ముగ్గురూ మర్నాడు తిరిగొచ్చారు.

అలా మొదలైంది ఆ బడి. పగటి ఎండలో, పని సర్దుకున్నాక, వంట పొగ వాసన ఇంకా పోని చీరలతో వచ్చేవారు. తర్వాత వాళ్ళ వెనక పిల్లలు వచ్చారు. పిల్లల వెనక, ఊరికే నిలబడి చూస్తున్నట్టు, కొందరు మగవాళ్ళు కూడా వచ్చారు. ఎవరైనా తప్పు రాస్తే సూరాలు కొట్టేది కాదు, తిట్టేది కాదు. విసనకర్ర తీసుకుని వాళ్ళ మొహానికి మెల్లగా విసిరేది. “కాస్త చల్లబడు. మళ్ళీ రాయి” అనేది. కొంతమంది గాలి కోసం కావాలనే తప్పు రాసేవారు. ఆ సంగతీ ఆవిడకి తెలుసు.

అయితే పంతులుగారి దగ్గర ఆఖరి మూడు అక్షరాలు ఆవిడ నేర్చుకోలేదని చెప్పాను కదా. ళ, క్ష, ఱ. ఆవిడకి ‘ళ’ రాదు. ‘ళ’ ఉండాల్సిన చోటల్లా ‘ల’ రాసేది. రెండో ఏడు ఒక రాకుమారి కథ రాసింది. అందులో ఒక విసనకర్ర పెద్దకాపు ఇంటికి వెళ్ళింది. పెద్దకాపు దాన్ని చావట్లో అందరి ముందూ పైకి చదివాడు.

“రాకుమారి కల్లు చూసి రాజు మూర్ఛపోయాడు.”

తాటిచెట్ల ఊరు కదా అది. చావడి చావడంతా పడీపడీ నవ్వింది. “రాజుగారికి కల్లు పడదు కాబోలు” అన్నాడొకడు. “ఏ చెట్టుదో అడగండి, మనమూ చూద్దాం” అన్నాడింకొకడు. సూరాలు చెవిన పడి ఆవిడా నవ్వింది. కానీ ఆ రోజంతా ముల్లు ముట్టుకోలేదట.

ఆ మాట పంతులుగారి దాకా వెళ్ళింది. ఆయన అప్పటికి ముసలివారయ్యారు. బడి ఆపేసి, అవతలి ఒడ్డున తమ్ముడి ఇంటికి వెళ్ళిపోతున్నారు. పడవ ఎక్కేముందు సూరాలు పాక దగ్గర ఆగారు. పందిట్లో ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. పంతులుగారు వంగి, ఇసకలో ఒకదాని కింద ఒకటి మూడు అక్షరాలు రాశారు.

“నా దగ్గర ఇప్పుడు కొత్త విసనకర్ర సిద్ధంగా లేదండి” అంది సూరాలు.

“ఇవి కొసరు” అన్నారాయన. చేతిలో ఆ గుడ్డ చుట్టిన కాడే ఉంది. దాంతో విసురుకుంటూ రేవు వైపు నడిచి వెళ్ళిపోయారు.

ఏళ్ళు గడిచాయి. సూరాలు కాస్తా లంకంతటికీ సూరాలు మామ్మ అయింది. ఏటా ఎండలు మొదలయ్యేసరికి కొత్త కథ వచ్చేది. వానలు పడేసరికి విసనకర్రలు చిరిగిపోయేవి. బుల్లెమ్మకి ఆ లంకలోనే పెళ్ళయింది. లంకలో చదవడం రాని ఇల్లు వెతికినా దొరికేది కాదు, ఒక్క పడవ అంకయ్య ఇల్లు తప్ప. అంకయ్య తీరికే లేదనేవాడు. పోలమ్మ వరసగా ముగ్గురు బిడ్డల్ని కని, అక్షరాలు సగంలో వదిలేసింది.

అలాంటి రోజుల్లో ఒక భాద్రపదంలో పడవ మునిగింది.

అవతలి ఒడ్డున తీర్థం చూసుకుని జనం తిరిగొస్తున్నారు. ఏరు పోటు మీద ఉంది. పడవ తిరగబడింది. ముగ్గురు పోయారు. ముగ్గురూ ఎగువ వీధివాళ్ళే. గవరయ్య అనే ముసలాయన, చిన్నాలు అనే కొత్త కోడలు, మాణిక్యం కూతురు ముత్యాలు. ముత్యాలుకి ఏడేళ్ళు. పడవ నడిపిన అంకయ్య బతికాడు.

అంకయ్య తాగి నడిపాడని ఎగువ వీధి అంది. వద్దంటున్నా మీరే ఎక్కి కూచున్నారని దిగువ వీధి అంది. మాట మాట పెరిగింది. ఎగువవాళ్ళు దిగువకి వెళ్ళడం మానేశారు. దిగువవాళ్ళు ఎగువకి రావడం మానేశారు. నిప్పుకి వెళ్ళరు, మజ్జిగకి వెళ్ళరు, పురిటికి వెళ్ళరు. పందిట్లో బడి ఆగిపోయింది. మామ్మ పాక రెండు వీధుల మధ్యలో ఉంది. అటూ ఇటూ ఎవరూ రాలేదు.

మాఘం వెళ్ళాక ఎగువ పెద్దలు వచ్చారు. “మామ్మా, నువ్వు రాస్తే అందరూ చదువుతారు. అంకయ్యే చంపాడని రాయి” అన్నారు.

“నేను పడవలో లేను నాయనా” అంది మామ్మ.

దిగువ పెద్దలు వచ్చారు. “అంకయ్య తప్పేం లేదని రాయి మామ్మా” అన్నారు.

“నేను పడవలో లేను నాయనా” అంది మామ్మ.

వాళ్ళు వెళ్ళాక కర్ర పట్టుకుని తనే అంకయ్య ఇంటికి బయల్దేరింది. అంకయ్య గోడ వైపు తిరిగి కూచుని ఉన్నాడు. అయిదు నెలలుగా అలాగే ఉన్నాడంది పోలమ్మ. మామ్మ పక్కన చతికిలబడింది.

“ఏం జరిగింది నాయనా?”

అంకయ్య గోడ వైపు చూస్తూనే నోరు విప్పాడు. “నన్నెవరూ అడగలేదు మామ్మా. ఎగువోళ్ళు నేను తాగానన్నారు. దిగువోళ్ళు తాగలేదన్నారు. అందరూ చెప్పేవాళ్ళే. అడిగినోళ్ళు లేరు.”

“నేను అడుగుతున్నాను. తాగావా?”

“పొద్దున ఒక ముంత తాగాను. మధ్యాహ్నానికి దిగిపోయింది. బరువెక్కువైంది, ముగ్గురు దిగండని చెప్పాను. ఎవరూ కదల్లేదు. గట్టిగా చెప్పాల్సింది మామ్మా. చెప్పలేదు.”

ఆ తర్వాత మిగిలింది కూడా చెప్పాడు. మామ్మ వింది. ఓదార్చలేదు. తప్పు నీదనీ అనలేదు, కాదనీ అనలేదు. వచ్చేసింది.

ఆ ఎండాకాలం మామ్మ ఇరవై ఒక్క విసనకర్రలు చేసింది. పోయిన ముగ్గురికీ తలా ఏడు. కథలు కావు అవి. ఆ ముగ్గురి గురించీ తనకి తెలిసిందీ, తెలిసినవాళ్ళని అడిగి తెలుసుకున్నదీ. ఒక్కోదాని అడుగున, తర్వాతిది ఎవరింట్లో ఉందో చిన్న అక్షరాలతో రాసింది. ఒకటి ఎగువ వీధికి, ఒకటి దిగువ వీధికి, మళ్ళీ ఒకటి ఎగువకి, మళ్ళీ ఒకటి దిగువకి పంచింది. గింజలు పుచ్చుకోలేదు.

ఎగువ వీధి భగ్గుమంది. “మా పోయినవాళ్ళ మాటలు ఆ ఇళ్ళల్లో వేలాడతాయా?” అని విసనకర్రలు తెచ్చి మామ్మ పాక ముందు విసిరేశారు. మామ్మ దుమ్ము దులిపి, మర్నాడు పొద్దున్నే మళ్ళీ ఇంటింటికీ ఇచ్చి వచ్చింది. మళ్ళీ విసిరేశారు. మళ్ళీ దులిపింది. మూడోసారి ఆడవాళ్ళు తీసుకుని లోపల పెట్టుకున్నారు.

మాణిక్యానికి వచ్చిన దాని మీద ఇలా ఉంది. “ముత్యాలు బాతుల్ని లెక్కపెట్టేది. పది దాటితే మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టేది.” అడుగున, “అంకయ్య ఇంట్లో” అని ఉంది.

మాణిక్యం దాన్ని చూరులో దోపింది. పదిరోజులు అటు చూడలేదు. పదకొండో రోజు తీసి చదివింది. ఆ పదకొండో రోజు మొదలు రోజూ చదివేది. తన బిడ్డ బాతుల్ని ఎలా లెక్కపెట్టేదో తనకి తెలుసు. మామ్మకీ తెలుసని తెలియదు. ఇంకా ఏం తెలుసో, ఏం రాసిందో, అది ఆ ఇంట్లో ఉంది.

ఒక మధ్యాహ్నం కాళ్ళకి చెప్పులైనా లేకుండా కాలే ఇసకలో నడుచుకుంటూ దిగువ వీధికి వెళ్ళింది. అరుగుల మీద ఉన్నవాళ్ళు మాటలు ఆపేశారు. అంకయ్య గుమ్మం ముందు నిలబడింది. పోలమ్మ చేటలో బియ్యం పక్కన పెట్టి లేచింది.

“విసనకర్ర చూడాలి” అంది మాణిక్యం.

“ఏం రాసుందో మాకు తెలీదమ్మా. మాకు చదవడం రాదు” అని తెచ్చిచ్చింది పోలమ్మ.

మాణిక్యం గుమ్మంలోనే కూచుని పైకి చదివింది. “అంకయ్య పొద్దున ఒక ముంత కల్లు తాగాడు. బరువెక్కువైందని చెప్పాడు, గట్టిగా చెప్పలేదు.”

ఆపేసింది. గోడ వైపు తిరిగి కూచున్న అంకయ్య తల ఎత్తలేదు. పోలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మాణిక్యం విసనకర్ర కింద పెట్టి లేవబోయింది.

“వెనక కూడా ఏదో గీకుంది తల్లీ” అంది పోలమ్మ మెల్లగా.

మాణిక్యం తిప్పింది. ఈసారి పైకి చదవలేకపోయింది. మళ్ళీ మొదటినుంచి చదివింది.

“ముత్యాలు చెయ్యి అంకయ్య పట్టుకున్నాడు. దుంగ తగిలి భుజం విరిగేదాకా వదల్లేదు.”

మాణిక్యం అడిగింది. “ఏ చెయ్యి?”

అంకయ్య ఇటు తిరిగాడు. కుడి చెయ్యి ఎత్తబోయాడు. అది ఛాతీ దాకా కూడా లేవలేదు. మాణిక్యం లోపలికి వచ్చి, ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. తన బిడ్డని చివరిగా పట్టుకున్న చెయ్యి అది. అలాగే కూచుంది. అప్పుడు ఏడ్చారు ముగ్గురూ.

మర్నాటికే ఊరు కలిసిపోయిందని నేను చెప్పను. అంకయ్యతో బతికున్నంతకాలం మాట్లాడనివాళ్ళూ ఉన్నారు. కానీ రెండో రోజు చిన్నాలు అత్తగారు దిగువకి నడిచింది. నాలుగో రోజు దిగువ నుంచి ఇద్దరు గవరయ్య ఇంటికి వెళ్ళారు. వానలు పడేలోగా ఇరవై ఒకటీ ఇరవై ఒక్క ఇళ్ళు తిరిగాయి. మామ్మ పాక ముందు పందిరికి మళ్ళీ ఆకు కప్పారు. ఒకనాడు ఆ పందిట్లోకి అంకయ్య కూడా వచ్చి, అందరికీ వెనక, ఎడమ చేత్తో ఇసకలో ‘అ’ దిద్దుకుంటూ కూచున్నాడు.

మామ్మకి ఎనభై దాటాయి. చూపు ఆనలేదు. బుల్లెమ్మ రాసేది, మామ్మ చెప్పేది. ఒక వైశాఖంలో, అన్నం తిని, చాప మీద పడుకుంది. బుల్లెమ్మ పక్కన కూచుని విసురుతోంది.

“చాల్లేవే, చెయ్యి నొప్పెడుతుంది. నువ్వూ విసురుకో” అంది మామ్మ.

“నాకేం ఉక్కగా లేదమ్మమ్మా.”

“నీ చెమట నా మీద పడుతోంది” అని నవ్వి, పక్కకి ఒత్తిగిలింది. కొంచెంసేపటికి బుల్లెమ్మ చూస్తే ఊపిరి లేదు.

లంకంతా వచ్చింది. ఎగువా వచ్చింది, దిగువా వచ్చింది. సాగనంపి వచ్చాక పెద్దలు కూచుని మాట్లాడుకున్నారు. మామ్మ పేర రాతి మండపం కట్టిద్దామన్నాడొకడు. బొమ్మ చేయిద్దామన్నాడొకడు. అవతలి ఒడ్డు నుంచి కవిని పిలిపించి పద్యాలు రాయిద్దామన్నాడొకడు.

బుల్లెమ్మ గుమ్మం దగ్గర నిలబడి అంది. “మండపం ఏరు తీసుకుపోతుంది. ఆ కవిగారికి అమ్మమ్మ తెలీదు. ఇంటికొక విసనకర్ర ఇస్తాను. అమ్మమ్మ గురించి మీ కళ్ళతో మీరు చూసింది ఒక్కటి రాయండి. విన్నది వద్దు. ఒకళ్ళు రాసేది ఇంకొకళ్ళకి చూపించకండి.”

బుల్లెమ్మా, ఆమె బిడ్డలూ రాత్రీపగలూ కూచుని డెబ్భై విసనకర్రలు చేశారు. పదో రోజున అందరూ పందిట్లో కూచున్నారు. ఒక్కొక్కరే లేచి ఎవరిది వాళ్ళు చదివారు.

“నా పెళ్ళినాడు పొయ్యి పొగకి నా కళ్ళు మండుతుంటే, పక్కన కూచుని బోలెడు పనీ వదిలేసి విసిరింది.”

“నా పులుసులో ఉప్పెక్కువైందని అందరి ముందూ అంది. తన ఆకు మాత్రం ఊడ్చినట్టు నాకేసింది.”

“వానలో జారిపడింది. లేవదీద్దామని వెళ్ళేలోపు తనే నవ్వుతూ లేచింది.”

“మా అబ్బాయి పెళ్ళికి ఇస్తానన్న విసనకర్ర ఇవ్వనే లేదు.” ఇది చదివినప్పుడు అందరూ నవ్వారు, బుల్లెమ్మతో సహా.

“కూతురి ఆకు చచ్చేదాకా కొంగునే ఉంచుకుంది. ఒకసారి నాకు విప్పి చూపించింది.” ఇది మాణిక్యం చదివింది.

అరవై తొమ్మిది అయ్యాయి. చివర అంకయ్య లేచాడు. అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయి. ఎడమ చేత్తో రాశాడు. పది రోజులూ దానితోనే గడిపాడని పోలమ్మ తర్వాత చెప్పింది. కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు.

“నన్ను అడిగింది.”

అంతే రాశాడు. చదివి కూచున్నాడు. పందిట్లో అందరూ విసురుకుంటున్న చప్పుడు.

ఇదంతా ఎప్పటి మాటో. ఆ లంక చాలాసార్లు మునిగింది, చాలాసార్లు తేలింది. కానీ ఇప్పటికీ అక్కడ ఎవరైనా పోతే, పదో రోజున చదవడానికి ఇంటికొక విసనకర్ర వస్తుంది. ప్రతి ఇల్లూ తను కళ్ళారా చూసింది ఒక్కటి రాస్తుంది. మంచైనా రాస్తుంది, చెడైనా రాస్తుంది. రెండు వైపులా రాయాల్సి వస్తే రెండు వైపులా రాస్తుంది. మూడు రోజులే బతికిన పసిబిడ్డకి కూడా రాస్తారు. ‘దీనికి నవ్వు రాకముందే బుగ్గన సొట్ట పడింది’ అని రాసింది ఒకటి నేనే చూశాను.

చదివాక వాటిని దాచిపెట్టుకోరు. గోడకి తగిలించి దణ్ణాలు పెట్టరు. ఆ ఎండాకాలమంతా వాటితోనే విసురుకుంటారు. మీరెప్పుడైనా మిట్టమధ్యాహ్నం పడవ దిగి ఆ లంకలో ఒక గుమ్మం ముందు నిలబడితే, ముందు చెంబుతో నీళ్ళిస్తారు. తర్వాత చేతికో విసనకర్ర ఇస్తారు.

“ఇది మా చిన్నత్తదండి. కోపం జాస్తి, పిల్లలంటే ప్రాణం. కూచుని విసురుకోండి” అంటారు.